పుష్ నోటిఫికేషన్ యాడ్స్ మొదలుపెట్టే ముందు

కన్వర్షన్ ట్రాకింగ్‌ను, అంటే యాడ్ నొక్కినవాళ్లలో ఎందరు ఫారం నింపారో, కొన్నారో లెక్కపెట్టే ఏర్పాటును, మీరే పరీక్షించండి. యాడ్ నొక్కి, ఫారం నింపి, ఆ లెక్క డ్యాష్‌బోర్డులో పడిందో లేదో కళ్లారా చూసుకోండి. పడకపోతే ఏ సోర్సు (క్లిక్కులు వచ్చే చోటు) పనిచేస్తోందో తెలియకుండానే బడ్జెట్ అంతా కరిగిపోతుంది. నా దృష్టిలో దీన్ని మించిన నష్టం లేదు.

ఒక్కొక్కరికి రోజుకు ఎన్నిసార్లు చూపాలో పరిమితి పెట్టండి. విసిగిస్తే నోటిఫికేషన్లే ఆపేస్తారు, వాళ్లు మళ్లీ దొరకరు.

మొబైల్, డెస్క్‌టాప్ వేరు వేరు క్యాంపెయిన్లుగా పెట్టండి. బిడ్లు (ఒక్కో క్లిక్కుకు మీరు ఇస్తామనే ధర) రెండింటికీ ఒకేలా ఉండవు.

అసలు విషయం టైటిల్ మొదట్లోనే రావాలి. పొడవైతే ఫోన్ తెర చివరి మాటలు కోసేస్తుంది. చిన్న ఐకాన్‌లో అక్షరాలు ఇరికించకండి.

"మీకో మెసేజ్ వచ్చింది" లాంటి దొంగ హెచ్చరికలు వద్దే వద్దు. క్లిక్కులు పెరుగుతాయి, కొనేవాళ్లు రారు.

టైమ్‌జోన్ చూసుకోండి, అర్ధరాత్రి మోగకూడదు.