మీ ఆవిడ పాస్‌పోర్టులో పేరు మార్చే ముందు నీ పాస్‌పోర్టు తెరిచి చూడు

పోయిన నెల దుబాయ్‌లో ఫారాలు కొట్టిపెట్టే ఒక టైపింగ్ సెంటర్‌లో మనవాడొకడు కలిశాడు. కరీంనగర్ వైపు కుర్రాడు, పక్కన కొత్తగా పెళ్లయిన భార్య, ఫిలిప్పీన్స్ అమ్మాయి. బయటి దేశంలో జరిగిన పెళ్లిని నమోదు చేయించడానికి ఆ అమ్మాయి దేశపు కాన్సులేట్‌లో ఇవ్వాల్సిన ‘రిపోర్ట్ ఆఫ్ మ్యారేజ్’ ఫారం నింపుతున్నారు. అన్నీ చకచకా రాసుకొచ్చి భర్త పేరు దగ్గర ఆగిపోయాడు. అక్కడ మూడు గళ్లు: ఫస్ట్, మిడిల్, లాస్ట్. “అన్నా, మనకు ఇంటిపేరు ముందొస్తది కదా, ఫస్ట్‌ల రాయాల్నా?” అన్నాడు. నాకు గుండె గుభేల్మంది. మా ఆవిడదీ ఫిలిప్పీన్సే, ఆరేళ్ల కిందట సరిగ్గా ఆ గడి దగ్గరే నేను బోర్లా పడ్డాను.

నా పాస్‌పోర్టులో అప్పట్లో సర్‌నేమ్ గడి ఖాళీ. పోతుల రవి కుమార్ అని మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉండేది, పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే. పెళ్లి సర్టిఫికెట్‌లోనూ అలాగే దిగింది. ఫారం కొట్టినాయన చివరి మాటే ఇంటిపేరనుకుని లాస్ట్ నేమ్‌లో కుమార్ అని కొట్టాడు, నేను చదవకుండా సంతకం గీకాను. కొత్త పాస్‌పోర్టులో మా ఆవిడ ఇంటిపేరు కుమార్ అయిపోయింది. మా అమ్మ ఫోన్‌లో “ఎవర్రా ఈ కుమార్లు?” అని అడిగింది. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు.

వాళ్ల పద్ధతి వేరు, అది ముందు అర్థం చేసుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో మిడిల్ నేమ్ అంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు. అమ్మాయి పేరు మరియా సాంటోస్ క్రూజ్ అనుకో, సాంటోస్ తల్లి వైపుది, క్రూజ్ తండ్రిది. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకుంటే క్రూజ్ మధ్యకు జరుగుతుంది, సాంటోస్ ఎగిరిపోతుంది, చివర్లో నీ ఇంటిపేరు కూర్చుంటుంది. అంటే మరియా క్రూజ్ పోతుల కావాలి. నాలాంటి పేరుంటే మరియా క్రూజ్ కుమార్ అవుతుంది. అర్థమైందా ఎక్కడ తేడా కొడుతుందో?

దిద్దుకోవచ్చులే అనుకోకు. అక్షర దోషాలైతే ఫిలిప్పీన్స్‌లో 2001లో వచ్చిన 9048 నంబరు చట్టం కింద కోర్టుకెళ్లకుండానే సరిచేయించుకోవచ్చు. ఒక ఇంటిపేరు తీసి ఇంకో ఇంటిపేరు పెట్టడాన్ని మాత్రం అక్షర దోషం అనరు. నేను ఆరు నెలలు తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి నా పాస్‌పోర్టే రీ-ఇష్యూ చేయించి కుమార్‌ని సర్‌నేమ్ గడిలోకి దించుకున్నాను. తాతల నాటి పోతుల ఇప్పుడు గివెన్ నేమ్‌లో ఒక మూల పడుంది. మా బుడ్డోడూ కుమారే.

అందుకే మొత్తుకుంటున్నాను, పెళ్లికి ముందే నీ పాస్‌పోర్టులో పేరు రెండు గళ్లలోకి విడగొట్టించుకో. అబుదాబిలో సివిల్ మ్యారేజ్‌కి అప్లై చేసేది ఆ తర్వాతే. 2022 నవంబర్‌లో ఒంటిపేరు (ఇంటిపేరు లేకుండా ఒక్క మాటే ఉన్న) పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రానిచ్చేది లేదని యూఏఈ చెప్పినప్పుడు మనవాళ్లు ఎంతమంది లబోదిబోమన్నారో మర్చిపోయారా?

మిగతాది మామూలే. పెళ్లి రిపోర్టు మనీలా దాకా వెళ్లి పీఎస్‌ఏ (జనన, వివాహ రికార్డులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్‌గా బయటికి రావడానికి నెలలు పడుతుంది. ఆవిడకు కొత్త పేరుతో కొత్త బుక్‌లెట్ ఇస్తారు, పాతదాంట్లో దిద్దరు. అది చేతికొచ్చాక రెసిడెన్స్ వీసా, ఎమిరేట్స్ ఐడీ, ఆ తర్వాత లేబర్ కార్డు, బ్యాంకు. అక్కడి ఎస్‌ఎస్‌ఎస్ (సామాజిక భద్రత), ఫిల్‌హెల్త్ (ఆరోగ్య బీమా), పాగ్-ఐబిగ్ (ఇంటి పొదుపు నిధి) ఖాతాలు సెలవులకు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. టికెట్ మాత్రం ఏ పాస్‌పోర్టు పట్టుకుని ఎక్కుతుందో ఆ పేరుతోనే కొను. ప్రేమకొద్దీ కొత్త పేరుతో ముందే కొనేసి మనీలా ఎయిర్‌పోర్టులో ఇరుక్కోకు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్తుంటే వాడి మొహం పాలిపోయింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, మా గొంతులను బట్టి ఏదో గొడవని మాత్రం పట్టేసింది. ఏంటని అడిగితే ఇంగ్లిష్‌లో చెప్పాను. అంతా విని, “నేను పేరు మార్చుకోకపోతే?” అంది.

ఒప్పుకోవాలి మరి, ఏమీ కాదు. వాళ్ల సివిల్ కోడ్ 370వ ఆర్టికల్‌లో భర్త ఇంటిపేరు ‘వాడుకోవచ్చు’ అనే ఉంది, వాడితీరాలని లేదు. 2010లో వాళ్ల సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. కాకపోతే పాస్‌పోర్టులో ఒకసారి మార్చాక పెళ్లి నిలిచి ఉండగా వెనక్కి తీసుకోవడం కుదరదంది. 2024లో వచ్చిన కొత్త పాస్‌పోర్టు చట్టం పుట్టింటి పేరుకు ఒక్కసారి తిరిగెళ్లే వీలిచ్చింది, మిగతా ఐడీల్లోనూ పేరు అలాగే ఉండాలి. మొదట్నుంచీ పుట్టింటి పేరే ఉంచుకుంటే ఈ తిప్పలేవీ లేవు. ఫ్యామిలీ వీసాకి అటెస్ట్ చేసిన పెళ్లి సర్టిఫికెట్ పెడితే భార్యాభర్తలని తెలుస్తుంది, ఇంటిపేరు కలవక్కర్లేదు.

మా ఆవిడా ఆరేళ్ల కిందట ఇదే ప్రశ్న అడిగింది, నేనే వినలేదు. పేరు మార్చుకోకపోయినా పెళ్లి రిపోర్టు ఇవ్వక తప్పదు కాబట్టి, ఆ లాస్ట్ నేమ్ గడిలో ఏం కొట్టారో మాత్రం చూసుకుని సంతకం పెట్టు.