పుట్టిన తేదీ తెలియని పెద్దల వివరాలు గ్రాంప్స్‌లో ఇలా ఎక్కించండి

వంశవృక్షం కంప్యూటర్లో ఎక్కిద్దామని కూర్చుంటే మొదట ఆగిపోయేది పుట్టిన తేదీల దగ్గరే. నాయనమ్మని అడిగితే "అప్పట్లో ఎవరు రాశారమ్మా" అంటుంది.

తేదీ అడగకండి. ఊళ్ళో జరిగినదాన్ని అడగండి. విశాఖ వాళ్ళకి 1942 ఏప్రిల్‌లో జపాన్ బాంబులు, 1966 ఉక్కు ఉద్యమం, 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను మంచి గుర్తులు. "బాంబులు పడ్డప్పుడు నన్ను చంకనేసుకుని పల్లెకి పారిపోయారట" అంటే అప్పటికి ఏడాదో, రెండేళ్ళో. "ఉక్కు గొడవలప్పుడు పెద్దాడు కడుపులో ఉన్నాడు" అంటే ఆయన పుట్టింది 1966 చివర్లోనో, 1967లోనో.

గ్రాంప్స్ వంశవృక్షం రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో తేదీ గడిలో ఇంగ్లీషులో 'అబౌట్ 1941' అని, 'బిట్వీన్ 1966 అండ్ 1967' అని, హుద్‌హుద్‌కి ముందే పోయినవాళ్ళకి 'బిఫోర్ 12 అక్టోబర్ 2014' అని కొట్టొచ్చు. పుట్టిన తేదీల వరసలో జాబితా కూడా చూసుకోవచ్చు. జనవరి 1 అని ఊహించి మాత్రం వేయకండి, పదేళ్ళ తర్వాత అదే నిజమనుకుంటారు. పెద్దావిడ అన్న మాట ఉన్నదున్నట్టు కింద నోట్‌లో రాయండి. నాకైతే తేదీ కంటే ఆ మాటే విలువైనది.

పెళ్ళై వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్ళ దగ్గర ఇది పనిచేయదు. బాంబుల సంగతి వాళ్ళు అత్తారింట్లో విన్నదే అయివుంటుంది. వాళ్ళని పుట్టింటి ఊళ్ళో వచ్చిన వరదో, తుపానో అడగండి.