శ్రావణంలో ఇల్లు కొనబోతున్నారా? చేయి ఖాళీ చేసుకోకండి

పోరంకి వైపు మాకు తెలిసినవాళ్ళు కొనుక్కున్న ఫ్లాటు తలుపుకి పోయిన వారం బ్యాంకు వాళ్ళు నోటీసు అంటించి వెళ్ళారు. అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం, తండ్రి రిటైరైన టీచరు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి అక్కడ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉండేది 60 రోజులు. ఆలోపు దొరకలేదు. లోన్ కాగితాల మీద తండ్రి కూడా సంతకం పెట్టారు కాబట్టి బ్యాంకు ఇప్పుడు ఆయన్ని అడుగుతోంది. ఆయన పింఛను మొత్తం కట్టినా ఈఎంఐకి చాలదు.

ఆషాఢం వెళ్ళగానే విజయవాడలోనూ గుంటూరులోనూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు కిటకిటలాడతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకి చూపించండి, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూసుకోండి అని మీకు అందరూ చెప్తారు. చేయండి. కానీ నేను చూసినంతలో ఎక్కువమంది దెబ్బతిన్నది డాక్యుమెంట్లన్నీ సవ్యంగా ఉన్న ఇళ్ళు కొనే. వాళ్ళందరూ చేసిన తప్పు ఒక్కటే. చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇంట్లో పెట్టేశారు.

ముందు డబ్బు లెక్క

60 లక్షల ఫ్లాటు అనుకుందాం. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 48 లక్షలు వస్తాయి, మిగతా 12 లక్షలు మనవి. "పన్నెండు ఉన్నాయి కదా, కొనేద్దాం" అని చాలామంది ఇక్కడే నిర్ణయం తీసేసుకుంటారు.

ఆ పన్నెండుతో పని అయిపోదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 60 లక్షల మీద నాలుగున్నర లక్షలు. దీన్ని బ్యాంకు లోన్‌లో కలపదు. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే జీఎస్టీ 5 శాతం, అంటే మూడు లక్షలు. ఆ పైన కబోర్డులు, కిచెన్, ఏసీలు, గృహప్రవేశం భోజనాలు. ఈ ఖర్చుల కోసం ఇంట్లో బంగారం తాకట్టుకి వెళ్తుంది, చీటీ నష్టానికి పాడతారు, బావగారి దగ్గర చేబదులు తీసుకుంటారు, అదీ చాలకపోతే పర్సనల్ లోన్. గృహప్రవేశం రోజు బ్యాంకులో మిగిలేది ఒక నెల జీతం.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకి ఆ 48 లక్షల ఈఎంఐ దాదాపు 41,650 రూపాయలు. రెండు నెలలు జీతం రాకపోతే ఏం చేస్తారో కొనకముందే భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. రాయలేకపోతే ఈ శ్రావణంలో కొనకండి.

రిజిస్ట్రేషన్, ఇంటి సామాను అన్నీ అయిపోయాక కూడా ఏడాది ఈఎంఐలు, ఏడాది ఇంటి ఖర్చు విడిగా డిపాజిట్‌లో ఉండాలి. ఇద్దరూ వేరువేరు రంగాల్లో ఉద్యోగాలు చేస్తుంటే ఆరు నెలలవి ఉన్నా సరే. ఇద్దరూ సాఫ్ట్‌వేరే అయితే ఒక్క జీతం కిందే లెక్క, ఎందుకంటే రెండూ ఒకేసారి పోవచ్చు. ఆ డబ్బు లోన్ తీసుకున్న బ్యాంకులో పెట్టకండి.

జీతం ఆగినా వడ్డీ ఆగదు

2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు కట్టకపోయినా ఫర్వాలేదన్నారు. ఆ నెలల వడ్డీ మాఫీ అయిందనుకున్నవాళ్ళు ఎంతమందో. అది అసలుకి చేరింది.

ఆ సంవత్సరమే రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతానికి దిగింది. 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. మన ఇంటి లోన్లు ఎక్కువగా ఫ్లోటింగ్ వడ్డీవే, అంటే ఆ రేటు మారితే మన వడ్డీ కూడా మారుతుంది. 48 లక్షలకి 7 శాతం వడ్డీతో 20 ఏళ్ళకి ఈఎంఐ సుమారు 37,200. వడ్డీ 9.5 శాతానికి వెళ్తే నెల వడ్డీయే 38,000. అంటే పాత ఈఎంఐ కడుతూ పోతే అసలు తగ్గడం అటుంచి వడ్డీ కూడా పూర్తిగా తీరదు. చాలా బ్యాంకులు అప్పట్లో ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయాయి. యాభై దాటినవాళ్ళకి కూడా రిటైరైన తర్వాతి దాకా వాయిదాలు సాగాయి. అందుకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళనే అడగాలని చెప్పింది. వడ్డీ మారినప్పుడల్లా మీరే వెళ్ళి అడగండి. ఇవాళ వడ్డీ తక్కువగా ఉందని ఇవాళ్టి ఈఎంఐతో లెక్క వేసుకోకండి. రెండు శాతం ఎక్కువ వేసుకుని చూడండి.

జీతాలు లేనివాళ్ళ సంగతి ఇంకా జాగ్రత్త. గుంటూరు యార్డులో 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల మద్దతు ధర ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేస్తే రొయ్యల చెరువులున్నవాళ్ళకి నిద్ర లేదు. కమిషన్ వ్యాపారం, కోల్డ్ స్టోరేజీలో సరుకు, చెరువుల మీద బతికేవాళ్ళు బాగా వచ్చిన ఏడాది చూసి కాదు, బాగా పడిపోయిన ఏడాది చూసి ఈఎంఐ లెక్క వేసుకోవాలి.

"అమరావతి ఉందిగా, రేట్లు పెరుగుతాయి"

పెరగొచ్చు. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగినప్పుడూ ఇదే మాట విన్నాం. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, పనులు ఆగాయి. మళ్ళీ 2025 మేలో మొదలయ్యాయి. పనులు ఆగిన ఆ ఏళ్ళలో అమ్ముదామంటే అడిగినవాడు లేక, ఈఎంఐ కట్టలేక, కొన్నదానికంటే తక్కువకి వదిలేసుకున్నవాళ్ళు తుళ్ళూరు నుంచి నంబూరు దాకా ఉన్నారు. చేతిలో డబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఆగగలిగారు. ఇద్దరూ అదే రేటుకి, అదే చోట కొన్నారు. చేతిలో మిగిలిన డబ్బొక్కటే తేడా.

కాబట్టి మళ్ళీ చెప్తున్నాను, చేయి ఖాళీ చేసుకుని కొనకండి. "దసరా దాటితే అడుగుకి ఐదొందలు పెరుగుతుందండీ" అని బ్రోకరు అన్నా కొనకండి. పెళ్ళి సంబంధం వాళ్ళు సొంత ఇల్లు ఉందా అని అడిగారని కొనకండి.

ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రాజెక్టుకి రూపాయి ఇవ్వకండి. నంబరు ఉన్నా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు బిల్డరుకి లేదు.

లోన్ రాకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తానని అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే ఇల్లు వదిలేయండి.

అడ్వాన్సు నగదుగా ఇవ్వకండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

"డాక్యుమెంటులో ముప్పై ఐదు లక్షలు, మిగతాది క్యాష్" అంటే వద్దనండి. బ్యాంకు ఆ ముప్పై ఐదు చూసే లోన్ ఇస్తుంది. క్యాష్ అంతా మీ చేతిలోంచే పోతుంది. చేయి ఖాళీ అయ్యేది సరిగ్గా ఇక్కడే.

సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు చూస్తుంటే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో బిల్డరుని కాదు, వాచ్‌మన్‌ని అడగండి, పక్కింటివాళ్ళని అడగండి.

పిల్లల ఫీజు డబ్బు ముట్టుకోకండి.

హెల్త్ ఇన్సూరెన్సు ఆపి ఈఎంఐ కట్టకండి.

పింఛను మీద బతికే తల్లిదండ్రులతో కో-అప్లికెంటుగా సంతకం పెట్టించకండి.

క్రెడిట్ కార్డుతో ఈఎంఐ కట్టకండి. ఒక్కసారి కూడా.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవాళ్ళు మొదటి వాయిదా తప్పకముందే బ్యాంకుకి వెళ్ళండి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది. ముందే వెళ్తే గడువు పెంచమని అడిగే వీలుంటుంది. నోటీసు వచ్చాక అమ్మబోతే కొనేవాళ్ళకి మీ అవసరం తెలిసిపోతుంది, రేటు వాళ్ళే చెప్తారు.

అడ్వాన్సు ఇచ్చేసి, రిజిస్ట్రేషన్‌కి డబ్బు సర్దలేక టెన్షన్‌తో తిరుగుతున్నవాళ్ళు ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. రేపు అమ్మేవాళ్ళ దగ్గరికి పెద్దమనిషిని తీసుకుని వెళ్ళండి, గడువు అడగండి, కుదరకపోతే అడ్వాన్సులో ఎంత వెనక్కి ఇస్తారో మాట్లాడుకోండి. కొంత పోయినా సరే, బంగారం తాకట్టు పెట్టి మాత్రం రిజిస్ట్రేషన్‌కి వెళ్ళకండి.