ఎండలు ముదరకముందే: వృద్ధుల సంరక్షణ గృహాల్లో నర్సులు తీసుకోవలసిన జాగ్రత్తలు

దాహమేస్తే వాళ్లే అడుగుతారని అనుకోవడంతోనే ప్రమాదం మొదలవుతుంది. వయసు పైబడేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. మతిమరుపు జబ్బు ముదిరినవారికి నోరు ఎండిపోతున్నా నీళ్లు అడగాలని తోచదు. కాబట్టి వేసవిలో వాళ్ల దాహాన్ని కనిపెట్టే పని నర్సులది.

కొందరు గ్లాసు చేతికిచ్చినా ఒక గుక్క తాగి పక్కన పెట్టేస్తారు. మొండితనమని విసుక్కోకండి. రాత్రి మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు, పక్క తడిస్తే ఎలా అన్న బెంగతోనే చాలామంది తాగరు. బెల్లు కొట్టగానే మనిషి వస్తారన్న నమ్మకం కుదిరితే తాగుతారు. మాత్రలిచ్చేటప్పుడు చిన్న కప్పుకు బదులు నిండు గ్లాసు ఇచ్చి, తాగేదాకా పక్కన కూర్చోండి. చార్టులో ఇచ్చిన నీళ్లు కాదు, తాగిన నీళ్లు రాయండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత ఇవ్వవచ్చో వైద్యుణ్ని ముందే అడగాలి. మింగడం కష్టమైనవారికి పలుచని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వారికి సూచించిన మేర చిక్కగా చేసిన నీళ్లే పట్టాలి.

మందుల జాబితాను ఇప్పుడే వైద్యుడి ముందు పెట్టండి. ఒంట్లో నీరు తీసే మాత్రలు, బీపీ మందులు, లిథియం, మరికొన్ని మానసిక వైద్య మందులు ఎండాకాలంలో ఇబ్బంది పెడతాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. నాకు అన్నిటికన్నా భయం నొప్పికి అతికించే ఫెంటానిల్ పట్టీలంటే. ఒళ్లు వేడెక్కితే వాటిలోని మందు ఎక్కువగా రక్తంలోకి చేరి ఊపిరి మందగిస్తుంది. చూసేవారికి మాత్రం ఆ మనిషి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే ఊపిరి లెక్కపెట్టండి, పిలిస్తే పలుకుతున్నారో లేదో చూడండి.

ఒంట్లో నీరు తగ్గిందేమోనని ముంజేతి చర్మం లాగి చూసే పరీక్ష ముడతలు పడిన ఒంటికి పనికిరాదు. ఎండిన నాలుక, తగ్గిన మూత్రం, లేచి నిలబడితే తూలడం, అన్నిటికీ మించి ప్రవర్తనలో మార్పు గమనించాలి. నిన్న మిమ్మల్ని పేరు పెట్టి పలకరించిన పెద్దావిడ ఇవాళ ఎవరో తెలియనట్టు చూస్తే, వయసు కదా అని సరిపెట్టుకోకండి. ఈ తేడా రోజూ చూసే కళ్లకే తెలుస్తుంది; వేసవి నెలల్లో ఏ నర్సు చూసే గదులు ఆ నర్సుకే ఉంచండి, మార్చకండి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బే అనుకోండి. ఒకరు అంబులెన్సుకు ఫోను చేస్తుండగానే మరొకరు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి గాలి తగలనివ్వాలి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాడ్పులకు దాదాపు 15,000 మంది చనిపోయారు, ఎక్కువమంది వృద్ధులే. ఆ తర్వాతే అక్కడి వృద్ధుల గృహాల్లో చల్లని గది తప్పనిసరి చేశారు. మీ భవనంలో ఏ గది చల్లగా ఉంటుందో థర్మామీటరు పెట్టి తేల్చుకోండి. పగలు కాగిన గోడలు రాత్రి వేడిని వదులుతాయి, సరిగ్గా అప్పుడే సిబ్బంది తక్కువ. సెలవులు ఖరారయ్యేలోపే రాత్రి డ్యూటీకి అదనంగా ఒకరిని వేయించుకోండి.