బహ్రెయిన్‌లో ఒక్క రోజు: బయలుదేరే ముందు జాగ్రత్తలు

- వీసా, తిరుగు ప్రయాణ టికెట్ కాగితంపై కూడా ఉంచుకోండి.

- శుక్రవారం వద్దు. ఆ రోజు అల్ ఫతే మసీదులోకి ముస్లిమేతర సందర్శకులను అనుమతించరు. మిగతా రోజుల్లోనూ నమాజు వేళలు తప్పించి వెళ్లాలి. మోకాళ్లు, భుజాలు కప్పే దుస్తులు వేసుకోండి. మహిళలకు అబాయా (ఒళ్లంతా కప్పే వదులైన పైవస్త్రం) అక్కడే ఇస్తారు.

- ఎండను తేలికగా తీసుకోకండి. రెంటచింతల ఎండ చూసినవారినైనా ఇక్కడి ఉక్కపోత కుంగదీస్తుంది. 2005లో యునెస్కో జాబితాలో చేరిన బహ్రెయిన్ కోటకు సాయంత్రమే వెళ్లండి. మధ్యాహ్నం జాతీయ మ్యూజియం చల్లని గదుల్లో గడపండి.

- ఎడారిలో ఒంటరిగా నిలిచిన 'జీవవృక్షం' అనే పాత చెట్టు దగ్గరికి నీళ్లు లేకుండా వెళ్లొద్దు. తిరుగు ప్రయాణానికి టాక్సీ ముందే మాట్లాడుకోండి. నన్నడిగితే, సమయం చాలకపోతే వదిలేయాల్సింది ఇదే.

- దినారుకు 1000 ఫిల్సులు, వంద కాదు. రాజధాని మనామా బజారులో చిల్లర లెక్క చూసుకోండి.

- రంజాన్ నెలలో పగలు బహిరంగంగా తినకూడదు, తాగకూడదు.

- అడగకుండా మనుషుల ఫోటోలు తీయకండి. సైనిక స్థావరాల వైపు కెమెరా ఎత్తనే ఎత్తకండి.