నిబంధనల కాగితం చదవడం – 3వ పాఠం: డ్యూటీ ఆపేస్తే ఇల్లు ఎలా గడవాలి?

గ్రూపు బీమాకి కట్టిన చందాలో ఎంత తిరిగొస్తుందని పోయిన పాఠంలో అడిగాను. ముందు ఆ లెక్కకి జవాబు చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల గ్రూపు బీమాలో గ్రూప్ సి ఉద్యోగి జీతంలోంచి నెలకు 30 రూపాయలు కోస్తారు. అందులో 9 రూపాయలు బీమా నిధికి, 21 రూపాయలు పొదుపు నిధికి పోతాయి. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి 30 వేల బీమా, దాంతోపాటు పొదుపు వాటా అందుతాయి. రిటైరైతే పొదుపు వాటా మాత్రం వడ్డీతో చేతికొస్తుంది. ‘కట్టిందంతా తిరిగొస్తుంది’ అని రాసినవాళ్లు ఆ 9 రూపాయలని వదిలేశారు.

ఈ పాఠంలో చదవబోయేది అమెరికా రైలు ఉద్యోగులు చేరే ఉద్యోగ రక్షణ నిధి నిబంధనల కాగితం. అందులో ఆ 21 రూపాయల పొదుపు వాటా లాంటిది అసలు ఉండదు. చందా అంతా ఆ 9 రూపాయల బీమా బాపతే. కాబట్టి ‘నా డబ్బు నాకెంత వస్తుంది’ అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ‘ఏ పరిస్థితిలో, ఎన్ని రోజులు, ఎంత ఇస్తారు’ అన్నదే ఇక్కడ ప్రశ్న.

అమెరికాలో రైలు డ్రైవర్లూ, మన గార్డుల్లాంటి కండక్టర్లూ సొంత డబ్బుతో చేరే ఉద్యోగ రక్షణ నిధులు ఉన్నాయి. లోకోమోటివ్ ఇంజనీర్స్ అండ్ కండక్టర్స్ మ్యూచువల్ ప్రొటెక్టివ్ అసోసియేషన్ 1910 నుంచి ఉంది. బ్రదర్‌హుడ్స్ రిలీఫ్ అండ్ కాంపెన్సేషన్ ఫండ్ 1912 నాటిది. పేరులో రక్షణ అని ఉన్నంత మాత్రాన ఇవి ఉద్యోగం ఊడకుండా ఆపవు. రూల్ తప్పాడని కంపెనీ ఎవరినైనా డ్యూటీ నుంచి పక్కన పెడితే, ఆ రోజులకి రోజుకింత అని డబ్బు ఇస్తాయి. ఉద్యోగం కోసం వాదించేది యూనియన్. వాదన తేలేదాకా ఇంట్లోకి సరుకులు తెచ్చుకోవడానికి డబ్బిచ్చేది నిధి.

మన రైల్వేలో ఇలాంటి నిధి ఎందుకు పెద్దగా కనపడదో చెబితే అక్కడ దాని అవసరం ఏమిటో అర్థమవుతుంది. కాజీపేటలోనో విజయవాడలోనో ఒక లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటాడనుకోండి. డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే లాబీ భాషలో అది స్పాడ్. సస్పెండ్ చేస్తారు, టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా నెల తిరిగేసరికి సబ్‌సిస్టెన్స్ అలవెన్స్ అనేది ఒకటి వస్తుంది. సగం జీతపు సెలవులో ఉంటే ఎంత వచ్చేదో అంత, దాని మీద డీఏ. మూడు నెలలు దాటినా విచారణ తేలకపోతే, ఆలస్యం ఉద్యోగి వల్ల కానప్పుడు, ఆ మొత్తాన్ని 50 శాతం వరకు పెంచవచ్చు. ఆలస్యం అతని వల్లే అయితే అదే లెక్కన తగ్గించవచ్చు కూడా. వేరే ఎక్కడా పని చేయడం లేదని నెలనెలా ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అంతే. నడిపిన దూరాన్ని బట్టి వచ్చే కిలోమీటర్ అలవెన్స్ పోతుంది కాబట్టి రైలు మీద పనిచేసే రన్నింగ్ స్టాఫ్‌కి దెబ్బ గట్టిగానే తగులుతుంది. కానీ పొయ్యి ఆరిపోదు.

అమెరికాలో సరుకు రైళ్లు నడిపేవి ప్రైవేటు కంపెనీలు. పక్కన పెట్టిన రోజులకి మామూలుగా జీతం ఉండదు, సగం కూడా ఉండదు. విచారణ జరిపేది కంపెనీ అధికారే. ఉద్యోగి పక్కన యూనియన్ ప్రతినిధి కూర్చుంటాడు, మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది. శిక్ష పడితే అప్పీలు. ఆ అప్పీళ్లు చివరికి 1934లో ఏర్పాటైన నేషనల్ రైల్‌రోడ్ అడ్జస్ట్‌మెంట్ బోర్డుకో, అలాంటి మరో మధ్యవర్తి బోర్డుకో చేరతాయి. అక్కడ తేలడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది. ఈలోపు ఇంటి వాయిదా ఆగుతుందా?

ఇంకో సంగతి కూడా నోటు పుస్తకంలో రాసుకోండి. అక్కడ డ్రైవర్లకి 1991 నుంచి, కండక్టర్లకి 2012 నుంచి ఫెడరల్ నిబంధనల కింద సర్టిఫికెట్ తప్పనిసరి. ఆగమన్న సిగ్నల్ దాటినా, పరిమితి కంటే గంటకు 10 మైళ్లు ఎక్కువ వేగంతో నడిపినా, చేయాల్సిన బ్రేకు పరీక్ష చేయకపోయినా ఆ సర్టిఫికెట్ రద్దవుతుంది. మొదటిసారి ఒక నెల. 24 నెలల్లో రెండోసారి అయితే ఆరు నెలలు. 36 నెలల్లో మూడోసారి అయితే ఏడాది, నాలుగోసారి అయితే మూడేళ్లు. నిధి ఎన్ని రోజులు ఇస్తే సరిపోతుందో తేల్చుకోవడానికి ఈ అంకెలే కొలబద్ద. నిధి ఏజెంటు చూపించే రంగుల కాగితంలో ఇవి ఉండకపోవచ్చు.

ఇక కాగితం చేతిలోకి తీసుకోండి. అలవాటు ప్రకారం మొదటి పేజీ చూడకండి. అక్కడ రోజుకి ఇన్ని డాలర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చివర్లో సన్న అక్షరాల్లో ఉండే మినహాయింపుల దగ్గర మొదలుపెట్టండి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది చాలావరకు ఇదే.

మద్యం, మత్తుమందుల కేసుల్లో డబ్బు రాదు. రైల్వే వాళ్లు తరతరాలుగా దాన్ని రూల్ జి అనే పిలుస్తారు. దొంగతనం, కొట్లాట, కావాలని రూల్ తప్పడం కూడా మామూలుగా ఈ జాబితాలోనే ఉంటాయి. వీటి మీద ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. అసలు చిక్కు ‘కావాలని’ అన్న ఒక్క మాట దగ్గర వస్తుంది. రాత్రి రెండింటికి, పన్నెండు గంటల డ్యూటీ చివర్లో, సిగ్నల్ చూసి కూడా తప్పుగా అర్థం చేసుకున్నాడు. అది పొరపాటు. స్పీడు హెచ్చరిక మోగుతుంటే కట్టేసి నడిపాడు. అది వేరే. ఈ రెండింటికీ మధ్యలో ఉండే కేసులే ఎక్కువ. అలాంటి కేసులో ‘కావాలని’ చేశాడో లేదో తేల్చేది ఎవరు? కంపెనీ ఇచ్చిన ఛార్జి కాగితంలోని మాటలనే నిధి పట్టుకుంటుందా, లేక విచారణ రికార్డు తెప్పించుకుని నిధి బోర్డు విడిగా చూస్తుందా? కాగితంలో ఆ వాక్యం దొరికేదాకా వెతకండి. కంపెనీ మాటే ఖాయమని ఉంటే ఆ నిధి బలం సగానికి పడిపోయినట్టే. ఛార్జి రాసే అధికారి ‘కావాలని’ అని ఒక మాట చేర్చడానికి ఎంతసేపు?

హాజరు కేసులు ఇంకో గొడవ. ఈమధ్య కాలంలో అమెరికా రైల్వేల్లో శిక్షలు కేవలం సిగ్నళ్ల దగ్గరే పడటం లేదు. బీఎన్ఎస్ఎఫ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో పాయింట్ల పద్ధతి పెట్టింది. ఒక్కొక్కరికి 30 పాయింట్లు ఇచ్చి, పిలిచినప్పుడు అందుబాటులో లేకపోతే తగ్గిస్తూ పోవడం. యూనియన్లు వ్యతిరేకించాయి, గొడవ కోర్టుదాకా వెళ్లింది. కాబట్టి డ్యూటీకి రాలేదన్న కారణంతో పడే శిక్షకి నిధి డబ్బిస్తుందా, ఇస్తే ఎన్ని రోజులకి అన్నది విడిగా చూడాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాడికి సిగ్నల్ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం అని నా అభిప్రాయం.

మినహాయింపులు అయ్యాక ‘రోజు’ అంటే ఏమిటో చూడండి. నెల రోజులు సర్టిఫికెట్ పోయింది. రోజుకి 200 డాలర్ల నిధి. క్యాలెండర్ రోజులైతే 30 రోజులకి 6,000 డాలర్లు. పోయిన ట్రిప్పుల రోజులు మాత్రమే లెక్కిస్తారని ఉంటే, ఆ నెలలో 18 ట్రిప్పులు పోయాయనుకుందాం, వచ్చేది 3,600. ఒకే కేసు, ఒకే చందా, తేడా 2,400 డాలర్లు. సస్పెన్షన్ బిల్లులు రాసిన అనుభవంతో చెబుతున్నాను, గొడవలన్నీ తేదీల దగ్గరే వస్తాయి. ఏ తేదీ నుంచి లెక్క, ఆదివారం కలుస్తుందా, ఉత్తర్వు అందిన రోజా, సంతకం పెట్టిన రోజా అని. కాగితంలో ఆ తేదీ ఏమిటో స్పష్టంగా లేకపోతే ఉత్తరం రాసి అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు చందా లెక్క. ఇక్కడి నుంచి వాడే అంకెలు అభ్యాసం కోసం నేను అనుకున్నవి, ఏ నిధివీ కావు.

మొదటి నిధి: రోజుకి 200 డాలర్లు, నెల చందా 90. చేరిన మొదటి ఆరు నెలలు ఏమీ రాదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు గరిష్ఠంగా 60 రోజులు, రెండు నుంచి ఐదేళ్ల వరకు 120 రోజులు, ఆ తర్వాత 200 రోజులు.

రెండో నిధి: రోజుకి 150 డాలర్లు, నెల చందా అదే 90. ఆరు నెలలు దాటిన సభ్యుడెవరికైనా 200 రోజులు.

సభ్యుడు చేరి మూడేళ్లయింది. రెండు నిధుల్లోనూ అప్పటికి కట్టింది 3,240 డాలర్లు. ఒక నెల శిక్ష పడితే మొదటి నిధి 6,000 ఇస్తుంది, రెండో నిధి 4,500 ఇస్తుంది. చూడగానే మొదటి నిధి మేలనిపిస్తుంది. ఆరు నెలల శిక్ష పడితే? దాన్ని 180 రోజులనుకుందాం. మొదటి నిధి 120 రోజుల దగ్గర ఆగిపోతుంది, 24,000. రెండో నిధి 180 రోజులూ ఇస్తుంది, 27,000. చివరి రెండు నెలలు చేతిలో ఏమీ లేకుండా కూర్చోవాల్సింది ఎక్కువ రోజు భత్యం తీసుకున్నవాడే. 24,000ని 150తో భాగిస్తే 160. అంటే శిక్ష 160 రోజులు దాటితే తప్ప రెండో నిధి లాభం కాదు. ఇప్పుడు పైన రాసుకున్న కొలబద్ద తీయండి. ఇప్పటిదాకా ఒక్క కేసు కూడా లేనివాడికి వచ్చే మొదటి దెబ్బ నెల రోజులది. ఏడాది క్రితం ఒకసారి సర్టిఫికెట్ పోయినవాడికి తర్వాతిది ఆరు నెలలది. ఇద్దరికీ ఒకే నిధి సరిపోదు. ఉద్యోగం నుంచే తీసేస్తే ఎలా అన్నది కూడా లెక్క వేయండి. ఏడాది పట్టే కేసులో మొదటి నిధి 24,000 దగ్గర, రెండో నిధి 30,000 దగ్గర ఆగుతాయి.

‘ఇంత కట్టి ఏమీ జరగకపోతే?’ అని ఇంట్లో అడుగుతారు. ఏడాది చందా 1,080. దాన్ని 200తో భాగిస్తే 5.4. సగటున ఏడాదికి ఐదున్నర రోజులు పక్కన పెడితేనే చందా తిరిగొచ్చినట్టు. చాలామందికి సర్వీసు మొత్తంలో అంత జరగదు, జరగకూడదు కూడా. అందుకే పొదుపు లెక్కతో దీన్ని కొలవొద్దని మొదట్లోనే అన్నాను. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు నిల్వ ఉన్నవాడు ఇందులో చేరకపోయినా నేను తప్పుపట్టను.

చందా దగ్గరే ఇంకో గుంట ఉంది. సభ్యుడు జీతంలోంచి కోతకి ఒప్పుకున్నాడనుకుందాం. డ్యూటీ ఆపేశారు. జీతం ఆగింది. జీతం ఆగితే కోత కూడా ఆగుతుంది. నిధికి చందా చేరలేదు. గడువు దాటితే సభ్యత్వం రద్దు. ఏ రోజుల కోసం నిధిలో చేరాడో సరిగ్గా ఆ రోజుల్లోనే సభ్యుడు కాకుండా పోతాడు. మళ్లీ చేరితే ఏళ్ల లెక్క మొదటికొస్తుందా అన్నది కూడా చూడాలి. మూడేళ్ల సభ్యుడికున్న 120 రోజులు కొత్త సభ్యుడికి ఉండవు కదా. అందుకని కాగితం చదివేటప్పుడు మూడు విషయాలు ఒకే చోట రాసుకోండి: చందా ఏ దారిలో పోతోంది, గడువు దాటాక ఎన్ని రోజుల వెసులుబాటు ఉంది, డ్యూటీ ఆపిన నాడు నిధికి ఎవరు కబురు చేయాలి. చాలామంది కంపెనీయే చెబుతుందని అనుకుంటారు. కంపెనీకి ఆ అవసరం లేదు.

ఎక్కువ చందా కట్టి రోజు భత్యం పెంచుకోవడం గురించి రెండే మాటలు. పెంచిన చందా కట్టడం మొదలైన రోజూ, పెరిగిన భత్యం అమల్లోకి వచ్చే రోజూ ఒకటి కాకపోవచ్చు. కేసు వస్తుందని తెలిశాక పెంచుకుంటే పాత భత్యమే వస్తుంది. అలా రాయకపోతే నిధి ఏ నాడో దివాలా తీసేది.

ఈ వారం అభ్యాసం. ఒక కండక్టర్ పైన చెప్పిన మొదటి నిధిలో చేరి 20 నెలలైంది. సగం భత్యమే, అంటే రోజుకి 100 డాలర్లు తీసుకున్నాడు, చందా కూడా సగం, 45. మార్చి 1న భత్యం 200కి పెంచుకున్నాడు. పెంపు 60 రోజుల తర్వాత జరిగే ఘటనలకే వర్తిస్తుందని నిబంధన. ఏప్రిల్ 10న ఆగమన్న సిగ్నల్ దాటాడు. ఆ రోజు నుంచే డ్యూటీ లేదు, సర్టిఫికెట్ 30 రోజులు పోయింది. నిధి క్యాలెండర్ రోజులే లెక్కిస్తుంది. మే 1న కట్టాల్సిన చందా జీతంలోంచి పోవాలి, కానీ జీతమే లేదు. నిధి వెసులుబాటు 30 రోజులు.

అతనికి ఎంత రావాలి? అది చేతికి రావాలంటే ఏ తేదీలోగా ఏ పని చేయాలి? మే 5న అతనితో పనిచేసే ఇంకొకడు, అదే నిధిలో చేరి ఐదు నెలలే అయినవాడు, అదే సిగ్నల్ దాటితే అతనికి ఎంత వస్తుంది? అంకె ఒక్కటే రాయకండి, ఏ నిబంధన ప్రకారమో పక్కనే రాయండి.

నాలుగో పాఠంలో అప్పీలు గెలిచినవాడి సంగతి చూద్దాం. కంపెనీ పాత జీతం మొత్తం ఇచ్చేస్తే, అప్పటికే నిధి దగ్గర తీసుకున్నది వెనక్కి కట్టాలా? ఈలోగా మీ ఇంట్లో ఉన్న ఏదైనా బీమా కాగితంలో ‘తిరిగి చెల్లించాలి’ అన్న మాట ఎక్కడుందో వెతికి గీత గీసి పెట్టుకోండి. పాఠం దాంతోనే మొదలవుతుంది.