టమాటా రకం మారిపోకుండా విత్తనం కట్టుకోవడం ఎలా?

విత్తనం కోసం కాయను కాదు, మొక్కను ఎంచుకోవాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం పని అయినట్టే.

ముందుగా మీ దగ్గరున్నది రెండు రకాల్ని కలిపి పుట్టించిన హైబ్రిడ్డో, తరతరాలకూ ఒకే తీరుగా వచ్చే స్థిరపడిన రకమో తేల్చుకోండి. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్. దాని గింజలూ మొలుస్తాయి, కాస్తాయి. కానీ తరువాతి తరంలో లక్షణాలు విడిపోతాయి. 1866లో మెండెల్ బఠానీలతో చూపించింది ఇదే: లక్షణాన్ని ఒకే జన్యువు నడిపితే, సాధారణంగా నాలుగింట మూడు మొక్కలు ఒక తీరు, ఒకటి మరో తీరు. దిగుబడి వెనుక ఎన్నో జన్యువులుంటాయి కాబట్టి ఏ మొక్క ఎలా వస్తుందో చెప్పలేం.

తరువాత పువ్వును దగ్గరగా చూడండి. టమాటాలో పసుపు కేసరాలన్నీ కలిసి గొట్టంలా కీలాన్ని, అంటే పువ్వు నడుమ ఉండే ఆడ కాడను, చుట్టేస్తాయి. దాని కొన (కీలాగ్రం) లోపలే ఉంటే తన పుప్పొడి తనకే అందుతుంది, వేరే రకం కలవడం అరుదు. బయటికి పొడుచుకొస్తే తేనెటీగలు పక్క రకం పుప్పొడి అంటించవచ్చు. అలాంటప్పుడు మొగ్గ దశలోనే గుత్తికి పలుచటి గుడ్డ సంచి కట్టి, పూశాక మెల్లగా ఊపండి. పిందె పడ్డాక సంచి తీసి, గుర్తుగా దారం కట్టండి.

ఇప్పుడు అసలు పని. నారు దశ నుంచే ఆకు తీరులో, ఎత్తులో తేడాగా ఉన్న బెరకు మొక్కల్ని పీకేయండి. కాపులో అన్నిటికన్నా పెద్ద కాయ మీదే కన్ను పడుతుంది. అది నీరు ఎక్కువ తాగడం వల్లో, గుత్తిలో కాయలు తక్కువై కూడా పెరిగి ఉండొచ్చు. స్థిరపడిన రకంలో ఒక మొక్క కాయలన్నిటిలో దాదాపు అవే జన్యువులు. అందుకే మొత్తం మొక్క ఆరోగ్యం, కాపు, తెగులు తట్టుకున్న తీరు చూడాలి. గట్టు పక్క మొక్కకు ఎండా చోటూ ఎక్కువ. దాన్ని మడి మధ్య మొక్కతో పోల్చకండి, ఇరుగుపొరుగు మొక్కలతోనే పోల్చండి. ఒక్క మొక్కతో సరిపెట్టక, బాగున్న అయిదారింటి నుంచి విత్తనం తీస్తే రకంలోని వైవిధ్యం నిలుస్తుంది. (మొక్కజొన్నకు ఇది చాలదు. అది పరపరాగ పంట, అంటే వేరే మొక్కల పుప్పొడితో గింజ కట్టేది, కొద్ది మొక్కల నుంచే విత్తనం తీస్తే తరాలు గడిచేకొద్దీ నీరసిస్తుంది.)

బాగా పండిన కాయల గుజ్జును గిన్నెలో పిండి రెండు మూడు రోజులు పులియబెట్టండి. గింజ చుట్టూ ఉన్న జిగురులో మొలకను ఆపే పదార్థాలుంటాయి, పులిస్తే అది వదులుతుంది. ఇంకా ఉంచితే గింజ మొలకెత్తేస్తుంది. కడిగి, తేలిన తాలు గింజలు పారబోసి, పళ్లెంలో పలుచగా పరచి నీడలో ఆరబెట్టండి.

నిల్వలో శత్రువు తేమ. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన నిపుణుల లెక్క. గాలి చొరని సీసాలో సిలికా జెల్ వేసి, రకం పేరు, సంవత్సరం రాసిపెట్టండి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసా చల్లదనం పోయేదాకా మూత తీయకండి, గింజలకు చెమ్మ పడుతుంది.

విత్తే ముందు ఇరవై గింజల్ని తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచండి. పది రోజుల్లో పద్నాలుగు మొలిస్తే మొలక డెబ్బై శాతం, కాస్త ఒత్తుగా నారు పోస్తే చాలు. సగం కూడా మొలవకపోతే ఆ రకాన్ని ఈ కారులోనే వేసి కొత్త విత్తనం కట్టుకోండి.